లివర్ పోయింది

మొన్న మంగళవారం మధ్యాహ్నం తుపాకుల షాపు సాయిబు ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగకుండా, "రైటరప్పా, లివర్ పోయింది" అన్నాడు.

బళ్ళారిలో డీసీ ఆఫీసుకు, అంటే కలెక్టరాఫీసుకు, ఎదురుగా, జిరాక్సు షాపు గోడకు ఆనించి నాకొక బల్ల ఉంది. ఇరవై ఏళ్ళ పైనుంచి అక్కడే కూర్చుని జనానికి అర్జీలు రాస్తున్నాను. అందుకే అందరికీ రైటరప్పను. ఫోన్ మోగేసరికి నా ముందు ఒక వితంతు పింఛను అర్జీ సగంలో ఉంది. రాయించుకునే ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని, బల్ల మీద రెండు అరటిపండ్లు పెట్టి, నా చేతి వంకే చూస్తోంది. 'నా భర్త' అన్న మాట దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఎవరికి భాయ్?" అన్నాను.

"ఎవరికేంది? తోటలో బంగ్లా కట్టుకున్నాయన ఎవరో తీస్కపాయె. హాల్లో గోడకి తగిలిస్తాడంట. కాల్చేది లేదు, పేల్చేది లేదు. షోకు!"

అప్పటికి గాని సాయిబు తుపాకి సంగతి చెబుతున్నాడని నాకు వెలగలేదు. ఆయన షాపు వెనక గోడకు రెండో మేకు మీద ఒక పాత రైఫిల్ ఉండేది. ఎవరో లైసెన్సుదారు చనిపోతే ఇంటివాళ్ళు తెచ్చి అప్పగించి పోయిన సరుకు. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనప చట్రం వెనక్కి సాగి, వేళ్ళు దూరేంత కడియంలా ఉంటుంది. ఆ కడియాన్ని కిందికి తోసి పైకి లాగితే తూటా లోపలికి పోయి కూర్చుంటుంది. దాని పేరు లివర్. దాన్ని బట్టి మొత్తం తుపాకినే మేమందరం లివర్ అనేవాళ్ళం.

కానీ నాకు ముందు గుర్తొచ్చింది తుపాకి కాదు, దాన్ని కొనాలా వద్దా అని దాదాపు ఏడాది పాటు ఆలోచించిన మనిషి. ఆయన పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. ఆ ఏడాదంతా బజారులో అందరూ ఆయన్ని లివరప్ప అనే పిలిచారు.

సండూరు వైపు కొండల కింద ఆయన పొలం. ఖనిజం లారీలు రేపే ఎర్ర దుమ్ము ఆ వైపు చెట్ల మీదా ఎనుముల మీదా మనుషుల మీదా ఒకే రంగు వేసి వదిలిపెడుతుంది. ఆయన తెల్లపంచె కట్టుకుని వచ్చేవాడు. అది తెల్లదని ఆయన చెబితేనే మనకు తెలియాలి. కొబ్బరిచెట్టంత పొడుగు. బస్సు దిగేటప్పుడు వంగిన నడుము నా బల్ల దగ్గరికొచ్చేదాకా నిటారు అయ్యేది కాదు.

కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు. మక్కజొన్న ఒలిచే మిషను బెల్టు లాక్కుపోయింది. ఆ సంగతి దాచేవాడు కాదు, చెప్పుకునేవాడూ కాదు. టీ కొట్టువాడు పది బజ్జీలు కట్టమంటారా అంటే, "నాకాడ ఎనిమిదే ఉండాయప్పా" అని చేతులు చూపేవాడు. అంతే ఆయన హాస్యం. బొరుగుల ఉగ్గాని పళ్ళెంలో మిరపకాయ బజ్జీ పెడితే ముందు పైన శనగపిండి తొక్కు తిని, మిరపకాయను వేరే పెట్టుకుని, అన్నీ అయ్యాక కళ్ళు మూసుకుని దాన్ని నమిలేవాడు. ఎందుకన్నా అంటే, "దాంతో పని ఎట్లా తప్పదు కదప్పా" అనేవాడు.

నేను కథలు చెబుతానని ఈ వీధిలో పేరుంది. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నాను. నా కథలు విని కొందరు నవ్వుతారు, కొందరు అబద్ధం అంటారు. లివరప్ప రెండూ చేసేవాడు కాదు. చివరిదాకా విని ఒక్క ప్రశ్న అడిగేవాడు. ఒకసారి మా తాత సంగనకల్లు గుట్ట మీద చిరుతపులి ఎదురైతే, చేతికి అందిన రాతియుగం నాటి రాతి గొడ్డలి తీసుకుని దాన్ని గుట్ట దిగేదాకా తరిమాడని చెప్పాను. ఆ గొడ్డలి గాల్లో తిరిగిన చప్పుడు కూడా నోటితో చేసి చూపించాను. జిరాక్సు షాపు పిల్ల మిషను ఆపి మరీ వింది. లివరప్ప చివరి బజ్జీ మింగి నీళ్ళు తాగాడు.

"గొడ్డలికి కామ ఉన్నిందా అప్పా?" అన్నాడు.

అన్ని వేల ఏళ్ళు మట్టిలో ఉన్న గొడ్డలికి కట్టె పిడి ఎక్కడిది? నా తాత ఆ రోజుతో చచ్చిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఆ పులిని తరుముతున్న మనిషి.

ఆయన మొదటిసారి నా బల్ల దగ్గరికి వచ్చింది లైసెన్సు అర్జీ కోసం.

"అడవి పందులు మక్కజొన్న తొక్కేస్తాండాయప్పా. పటాకులు కాలిస్తే ముందు ఉలికిపడేవి, ఇప్పుడు తలకాయ కూడా ఎత్తవు. తుపాకి ఉంటే పైకి కాలుస్తా. లైసెన్సుకి రాయి."

"ఇంతేనా అన్నా?"

"ఇంతే."

ఇంత అంటే ఆఫీసులో దేనికీ చాలదు. పందుల అర్జీలు ఆ బీరువాల్లో పందుల కంటే ఎక్కువున్నాయి. నేను ఆయన చేతి వంక చూశాను. నాకు పాపిష్టి బుద్ధి పుట్టింది. కన్నడలో మొదలుపెట్టాను. పట్టపగలు పొలంగట్టు మీద ఎలుగుబంటి ఆయన భార్య మీదికి దూకింది. ఆయన అడ్డం పోయి దాని నోట్లో చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పోయాయి గాని భార్య దక్కింది. కావున దయగల దొరవారు పంట రక్షణకూ ప్రాణ రక్షణకూ, ఇత్యాది. రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. అర్జీ రాస్తూ అలా జలదరించి చాలా ఏళ్ళయింది.

ఆయనకు తెలుగు చదవడం వచ్చు, కన్నడ మాట్లాడటమే వచ్చు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉన్నదే రాసినావా?"

"ఉన్నదే రాసినాన్నా."

మిగిలిన మూడు వేళ్ళతో పెన్ను పట్టుకుని, మెల్లగా, తెలుగులో సంతకం చేశాడు.

విచారణకు పోలీసాయన ఊరికి వెళ్ళాడు. రచ్చబండ కాడ నిలబడి నా అర్జీ బిగ్గరగా చదివాడట. ఊరంతటికీ మిషను సంగతి తెలుసు. ఒక్కడూ నోరెత్తలేదు. చదవడం అయ్యాక పోలీసాయన ఆయన భార్యను అడిగాడు, నిజమేనా అని. ఆమె ఒక్క ఊపిరి తీసుకుని, "నిజమే సామీ. నేను అరిసిన అరుపుకి ఎద్దులు తాళ్ళు తెంపుకున్నాయి" అంది. ఆమె ముందు నేనెంత? పోలీసాయన ఆయన వైపు తిరిగాడు. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనాన్ని అవును అని రాసుకుని పోయాడు.

ఆ పై మంగళవారం ఆయన నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"కరడి నోట్లో చెయ్యి పెట్టినానని రాసినావంటనే," అన్నాడు. మా వైపు ఎలుగుబంటిని కన్నడంలోలాగే కరడి అంటాం. "ఏ చెయ్యప్పా?"

నేను నకలు తీసి చూసుకున్నాను. ఎడమచెయ్యి అని రాసి ఉంది.

"మరి పోలీసాయన ముందర చెప్పలేకపోయినావా అన్నా?"

"చెప్తే నువ్వూ నా ఇంటిదీ ఇద్దరూ లోపలికి పోతారు కదా. అది ఇంటికాడ లేకుంటే ఎనుమును ఎవరు పిండేది?"

'నిన్ను ఎవరు విడిపించేది' అని మాత్రం ఆయన అనలేదు.

లైసెన్సు వచ్చింది. ఫలానా తేదీ లోపల తుపాకి కొని చూపించాలి, లేకపోతే లైసెన్సు పోతుంది అని అందులో గడువు రాసి ఉంది. ఆ గడువు మీదనే ఆయన ఏడాది నడిచింది. ప్రతి మంగళవారం పొద్దున బస్సుకు వచ్చేవాడు. ముందు నా బల్ల, తరువాత ఉగ్గాని, తరువాత సాయిబు షాపు. నేనూ వెంట పోయేవాణ్ణి. చేసిన పనికి కాపలా కాయడం అనుకోండి.

సాయిబు కొత్త తుపాకులు ముందు పెట్టేవాడు. వాటికి పక్కన గొళ్ళెం లాంటి పిడి ఉంటుంది. దాన్ని బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని లాగాలి. ఆయన చేతికి ఆ జత లేదు. లివర్‌ది అలా కాదు. బొటనవేలు కాక మిగిలిన రెండు వేళ్ళు ఆ కడియంలోకి సరిగ్గా దూరేవి. ఆయన తుండుగుడ్డతో చెయ్యి మూడుసార్లు తుడుచుకుని, తుపాకిని చంటిబిడ్డను అందుకున్నట్టు అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కసారి కిందికి, ఒక్కసారి పైకి. చటక్, చటక్. అంతే. రెండోసారి లాగేవాడు కాదు.

"బాగుండాది," అనేవాడు. "వచ్చే వారం చెప్తా భాయ్."

"అరే, ఎన్ని వారాలు?" సాయిబు తల కొట్టుకునేవాడు. "పెళ్ళిచూపులకి కూడా ఇన్నిసార్లు పోరు. దుడ్డు తక్కువైతే చెప్పు, సర్దుకుందాం."

"దుడ్డు సంగతి కాదు."

"మరేంది?"

ఆయన నా వంక చూసేవాడు. నేను గోడ మీద తుపాకులు లెక్కపెట్టేవాణ్ణి.

సంగతి ఏమిటో నాకు మెల్లమెల్లగా తెలిసింది. నా అర్జీలో కరడి మనిషిని కరిచింది కదా. ఆ కాగితం ఆఫీసులు తిరిగి తిరిగి ఫారెస్టోళ్ళ దగ్గరికి పోయింది. వాళ్ళు వచ్చి ఆయన పొలంగట్టు మీద ఇనప బోను పెట్టారు. మనుషుల మీద పడే కరడిని పట్టి దూరంగా తీసుకుపోతారట. ప్రతి సోమవారం బోనులో అరటిపండ్లు వేసి పోయేవారు. ఆయన, వాళ్ళ జీపు మలుపు తిరగగానే, బోనులో దూరి పండ్లు తీసేసేవాడు. పారేయడం ఆయనకు చేతకాదు. మంగళవారం నాకు తెచ్చేవాడు.

"తినప్పా. కరడి భాగం."

తిన్నాను. ఏడాది పాటు ఒక ఎలుగుబంటి అరటిపండ్లు నేను తిన్నాను. నేను చెప్పిన కథలన్నిటిలోకీ ఇదొక్కటే ఎవరూ నమ్మలేదు, ఇదొక్కటే నిజం.

"అది ముసలిది," అని ఆయన చెప్పేవాడు. "రేగుపండ్లకి వస్తాది, పుట్ట తవ్వి చెదలు తింటాది. నన్ను చూస్తే పక్కకి తిరిగి పోతాది. నేనూ పక్కకి తిరిగి పోతా. ఇద్దరికీ వయసైపోయింది. దాని మీద లేనిపోనిది చెప్పి తుపాకి తెచ్చుకుని, ఆ తుపాకి భుజాన యేసుకుని దాని ముందర తిరగల్లంటే ఎట్లప్పా?"

"కాల్చేది పందుల కోసం కదన్నా."

"లైసెన్సులో ఉండేది పందా?"

నేను ఇంకో పండు ఒలిచాను. ఇంటి దగ్గర మాత్రం ఆయనకు వేరే ప్రశ్న కాచుకుని ఉండేది. ఒకసారి వాళ్ళ ఊరికి పోయినప్పుడు విన్నాను. పందులు ముందురోజు పొలంలో మూడు సాళ్ళు తొక్కిపోయాయి. ఆయన భార్య విరిగిన కంకులు వాకిట్లో కుప్ప పోసి, నన్ను చూసి ఇంకా గొంతు పెంచింది.

"చూడు రైటరప్పా. నువ్వు రాసినావు, నేను పోలీసు ముందర అరిసి చెప్పినా, ఆఫీసోళ్ళు ఇచ్చినారు. ఈయన మాత్రం కరడికి పరువు పోతాదంటాడు. పంటంతా పందులు తిన్నాక ఈయన నిజాన్ని ఉడకేసుకుని తిందామా?"

"వదినా, నేనేం చెప్తే..."

"నువ్వు చెప్పొద్దులే. నువ్వు చెప్పేది అయిపోయింది."

ఆయన కంకులు ఏరుతూ కూర్చున్నాడు. మంచివి ఒక పక్క, ఎనుముకు ఒక పక్క. తుపాకి వస్తే ఆ కుప్ప ఉండదు. ఆ సంగతి మా ఇద్దరి కంటే ఆయనకే బాగా తెలుసు.

గడువు దగ్గర పడింది. ఆయన రావడం తగ్గింది. వచ్చినా బజ్జీ తొక్కు తిని మిరపకాయ వదిలేసేవాడు. కళ్ళు పచ్చబడ్డాయి. "ఏందన్నా, కళ్ళకి పసుపు రాసుకున్నావు, పెళ్ళి గాని పెట్టుకున్నావా?" అని అన్నాను కూడా. మనిషి జన్మలో బీడీ ముట్టలేదు, సారా ముట్టలేదు. నాకెందుకు అనుమానం వస్తుంది?

ఒక శుక్రవారం ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదలు. వెనక బస్సుల మోత.

"రైటరప్పా, బళ్ళారిలోనే ఉండా. లివర్ పోయిందంటప్పా."

నా గుండె మీది రాయి దిగిపోయింది. సాయిబు ఎవరికో అమ్మేశాడన్నమాట. ఇక కొనాలా వద్దా అన్న ప్రశ్న లేదు. గడువు దానంతట అదే పోతుంది. కరడి దారి కరడిది, నా దారి నాది. ఆ సంతోషంలో నేను ఆయనను ఓదార్చాను. ఏమన్నానో ప్రతి మాటా గుర్తుంది. మరిచిపోయేందుకు చాలా ప్రయత్నించాను.

"పోతే పోనీలేన్నా. మంచిదే అయింది. ఎప్పటి సరుకది! లోపలంతా తుప్పు పట్టి ఉంటాది. నువ్వు దాన్ని పట్టుకుని ఊరికే ఏలాడతాండావు. ఇంకోటి చూద్దాం."

బస్సు హారను ఆగాక ఆయన అడిగాడు.

"ఇంకోటి యాడ దొరుకుతాదప్పా?"

"హుబ్బళ్ళిలో దొరుకుతాది. లేకుంటే బెంగుళూరు నుంచి తెప్పిద్దాం. వారం రోజుల్లో వస్తాది. అప్పటిదాకా దిగులు పెట్టుకోవద్దు. ఇన్నాళ్ళూ అది లేకుండా నడపల్యా?"

అవతల నుంచి నవ్వు వినిపించింది. ఆయన నవ్వడం నేను అంతకుముందు వినలేదు. దగ్గు కలిసిన నవ్వు, ఆగి ఆగి చాలాసేపు వచ్చింది. నా మాటలతో మనసు తేలికపడింది కాబోలు అనుకున్నాను.

"సరేలేప్పా," అన్నాడు. "నువ్వు చెప్తే సరి."

మంగళవారం సాయిబు మీదికి ఒంటికాలి మీద లేచాను. "ఏడాది నుంచి చూస్తాండే మనిషిని పెట్టుకుని ఎవరికో అమ్మేస్తావా భాయ్?"

"ఏందమ్మినా?"

"లివర్!"

"కళ్ళు పాడైనాయా నీకు? నెత్తి మీదనే ఉండాది, చూడు."

చూశాను. రెండో మేకు మీద, ఎప్పటిలాగే, కడియం కిందికి వేలాడుతూ ఉంది. ఆ కడియాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఆయన కళ్ళ పసుపు గుర్తొచ్చింది. వదిలేసిన మిరపకాయలు గుర్తొచ్చాయి. ఫోన్‌లో వినిపించిన బస్సుల మోత పెద్దాసుపత్రి ముందరిదై ఉంటుందని తట్టింది. ఇంగ్లీషులో తుపాకి లివరూ కడుపులో లివరూ వేరువేరు మాటలట. మన నోట్లో రెండూ ఒకటే. తరువాత ఏం చేశానో తెలియదు. సాయిబు నాకు నీళ్ళు ఇచ్చాడట.

మర్నాడు వాళ్ళ ఊరు పోయాను. అరుగు మీద మంచం. ఆయన మంచంలో సగమే ఉన్నాడు. భార్య నన్ను వాకిట్లోనే ఆపింది.

"వచ్చినావా మారాజా? హుబ్బళ్ళి నుంచి పార్సిలు తెచ్చినావా?"

చెప్పులు వాకిట్లోనే విడిచాను.

"తిట్టొద్దే ఆయప్పని," అన్నాడు మంచం మీదనుంచి. "ఆ పొద్దు డాక్టరు చెప్పినాక నవ్వింది ఆయప్ప వల్లనే."

"చెప్పలేకపోయినావా అన్నా, నేను అట్ల వాగుతాంటే?"

"ఎంత బాగా చెప్తాంటివి. ఆపబుద్ధి కాలేదు."

కూర్చున్నాను. ఆయనే మాట ఎత్తాడు. తుపాకి కొనేది లేదన్నాడు. జబ్బు వల్లనా అంటే కాదన్నాడు. బోను పెట్టిన రోజే తేల్చుకున్నాడట.

"మరి ఇన్ని మంగళవారాలు ఎందుకొచ్చినావన్నా?"

ఆయన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. "ఆ కడియంలో యేళ్ళు పెట్టి లాగినప్పుడు, పోయిన రెండూ ఉన్నట్టే ఉంటాదప్పా."

తరువాత కాగితం తీయమన్నాడు. తెలుగులో రాయమన్నాడు. ఆఫీసులో తెలుగు తీసుకోరన్నా అంటే, "ముందు నేను చదువుకోవల్ల" అన్నాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను.

'నా కుడిచేతి రెండు వేళ్ళు మక్కజొన్న మిషనులో పోయినవి. బెల్టు తిరుగుతుండగా చెయ్యి పెట్టినది నేనే. కరడి నన్ను గాని నా భార్యను గాని ఏమీ చేయలేదు. నాకు తుపాకి వద్దు. బోను తీసేయవలెను.'

అలవాటు కొద్దీ పైన 'దయగల దొరవారికి' అని చేర్చాను. చూసి కొట్టేయించాడు. సంతకం చేశాడు. కాగితం నాకివ్వకుండా కింది భాగం మీద బొటనవేలు పెట్టాడు.

"దస్తూరి యాడ?"

పొలం పత్రాల్లో కింద దస్తూరి అని ఉంటుంది. ఆ పత్రం రాసిన చెయ్యి ఎవరిదో అక్కడ పేరు పెట్టాలి. అర్జీలకు ఆ అలవాటు లేదు. ఎవరూ అడగరు. అడగరు కాబట్టే ఇన్నేళ్ళూ నేను చిరుతపులులతో కరడులతో బతికాను. ఆ మొదటి అర్జీ కింద కూడా నా పేరు లేదు.

దస్తూరి అని రాసి, పేరు పెట్టాను.

"ఇస్తావు కదా?"

"ఇస్తానన్నా."

ఆయన పై సోమవారం పోయాడు. నేను కాగితం ఇవ్వలేదు. లైసెన్సు గడువు దాటిపోయింది, మనిషి దాటిపోయాడు, ఇక ఎవరికి అవసరం అనుకున్నాను. నిజమైన కారణం కింద రాసి ఉన్న నా పేరు. అది బయటపడితే నా బల్ల ఉండదు. కాగితం సొరుగులో కార్బన్ల కింద పెట్టాను. ఒక పంటకాలం గడిచింది. కథలు చెప్పడం తగ్గిపోయింది. మొదలుపెట్టగానే ఎవరో ఒక ప్రశ్న అడుగుతారేమో అనిపించి, మధ్యలోనే అలసట వచ్చేది.

మొన్న సాయిబు ఫోన్ పెట్టేశాక తలెత్తి చూశాను. స్టూలు మీద అప్పటిదాకా కూర్చున్నది ఎవరో ఇక దాచను, ఆయన భార్యే. పింఛను అర్జీ రాయించుకుందామని సండూరు బస్సుకు వచ్చింది. సాయిబు గొంతు పెద్దది; లివర్ అన్న మాటా, 'ఎవరికి' అని నేనడగడమూ ఆమె విన్నది. బల్ల మీది అరటిపండ్ల వంక చూసి, నేను అప్పుడడిగాను.

"ఇవి?"

"కరడి భాగం," అంది. "నిన్న వేసి పోయినారు. నాకు నడుము వంగదు, బోనులో కూర్చుని పాక్కుంటా పోవల్ల." పండును నా వైపు జరిపింది. "ఆ కాగితం ఇచ్చినావా రైటరప్పా?"

ఒక్క ప్రశ్న. ఆయన దగ్గర నేర్చుకుంది కాబోలు.

సొరుగు తీశాను. కాగితం తీసుకుని రోడ్డు దాటాను. తపాలు సెక్షను గుమాస్తా చూసి వెనక్కి తోశాడు. "ఏన్రీ, తెలుగులో ఉండాదే. కన్నడలో రాసుకుని బర్రి." మళ్ళీ రోడ్డు దాటాను. నా బల్ల దగ్గర కూర్చుని, ఉన్న నాలుగు ముక్కలనూ కార్బన్ పెట్టి కన్నడలోకి దించాను. చెయ్యి ఒక్కో మాట దగ్గర ఆగి ఏదో ఒకటి చేర్చమని పీకింది. చేర్చలేదు. కింద దస్తూరి అని రాసి పేరు పెట్టి, ఆయన సంతకం ఉన్న తెలుగు కాగితాన్ని దానికి జతచేశాను. మళ్ళీ రోడ్డు దాటాను.

గుమాస్తా ఈసారి మొత్తం చదివాడు. చదువుతూ చదువుతూ ముఖం వెడల్పు చేసుకున్నాడు.

"కరడి తరపున అర్జీనా? భలే కథ పట్టుకొచ్చినావు రైటరప్పా! ఈ మనిషి పోయినాడని నువ్వే చెప్తాండావు. ఇంకెవరి కోసం ఇది?"

"కరడి ఉండాది సార్," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వాడు. పక్క బల్ల వాళ్ళకు చదివి వినిపించాడు. వాళ్ళూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అసలు మీదా కార్బన్ నకలు మీదా ముద్ర కొట్టి, నకలు నాకిచ్చాడు. రేపో మాపో ఎవరో నవ్వకుండా చదువుతారు. అప్పుడు నన్ను పిలుస్తారు. పిలిస్తే పోతాను. పరిగెత్తే ఓపిక కూడా లేదు.

వచ్చి నకలు ఆమె చేతికిచ్చాను. ఊదారంగు ముద్ర ఇంకా తడిగా ఉంది. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఉన్నదే రాసినావా?"

"ఉన్నదే రాసినా వదినా."

ఆమె నా ముఖం వంక చాలాసేపు చూసింది. నమ్మినట్టు లేదు. నేను పండు ఒలిచి సగం ఆమెకిచ్చాను. మిగతా సగం నోట్లో వేసుకుని పింఛను అర్జీ దగ్గరికి జరుపుకున్నాను. 'నా భర్త' అన్న మాట పక్కన పెన్ను పెట్టి, తరువాత ఏం రాయాలో ఆమెనే అడిగాను.